సుడిగుండముల ఛాయాచిత్రములు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ రాయచూరు సీమకు మన పెద్దలు కాలువ నీటిని నమ్ముకొని వచ్చినారు. సింధనూరు ప్రాంతపు క్యాంపులలో తూముల వద్ద నీరు సుడి తిరుగుట మన పిల్లలు ఎరుగుదురు. "అటు పోవద్దురా" అని మనము కేకలు వేస్తాము. కాని అది ఎందుకు తిరుగుతున్నదని వారడిగే ప్రశ్న మంచి ప్రశ్న. దానినే మరికొంత దూరము తీసుకొనిపోదామని మా ఉద్దేశము.

1924లో డాకా విశ్వవిద్యాలయ ఉపాధ్యాయులు సత్యేంద్రనాథ బోసుగారు కాంతి కణములను లెక్కించు క్రొత్త పద్ధతిని ఐన్‌స్టీనుకు వ్రాసి పంపినారు. ఆయన దానిని జర్మను భాషలో అచ్చు వేయించి, పరమాణువులకు కూడ వర్తింపజేసినారు. మిక్కిలి చల్లబరచినచో పరమాణువులు వేరుపాటు విడిచి ఒకే అలవలె నడచుకొనునని తేలినది. అది చేసి చూపుటకు 70 ఏండ్లు పట్టినది. 1995లో అమెరికాలో కార్నెల్, వీమన్ అనువారు రుబీడియం పరమాణువులతోను, కెటర్లీ సోడియముతోను సాధించి, 2001లో నోబెల్ బహుమతి పొందినారు. రుబీడియం మేఘము పరమశూన్యమునకు, అనగా మైనస్ 273.15 డిగ్రీలకు, ఎంత చేరువకు వచ్చినదనగా, మిగిలిన వేడి డిగ్రీని కోటి భాగములు చేస్తే రెండు భాగములైనా లేదు.

ఈ మేఘము రాపిడి లేని ప్రవాహము. బిందెలో నీరు కలిపితే అంతా కలిసి తిరుగును. దీనిని మెల్లగా కలిపితే తిరుగనే తిరుగదు. వేగము ఒక హద్దు దాటగానే సన్నని సుడులు లోనికి వచ్చును. ప్రతి సుడికి బలము ఒకే కొలత. అర సుడి, పావు సుడి ఉండవు. 1999లో బౌల్డరులో మొదటి సుడిని చూచినారు. 2001లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో నూటికి పైగా సుడులు నాటు వేసిన మళ్లవలె వరుసలు తీరి కనబడినవి.

చూచుట ఎట్లు? సుడి నడిమి బొక్క మిల్లీమీటరులో వెయ్యవ వంతుకన్న చిన్నది, కాంతికి అందదు. గావున మేఘమును పట్టి ఉంచిన అయస్కాంత బంధమును విడుతురు. మేఘము వ్యాకోచించును, దానితో బొక్కయు పెద్దదగును. అప్పుడు లేసరు కాంతి ప్రసరింపజేస్తే, పరమాణువులున్నచోట నీడ, సుడి ఉన్నచోట వెలుగుచుక్క. ఒక్క చిత్రముతో ఆ మేఘము నశించును! 2010లో ఆమ్‌హర్స్టు కళాశాలవారు ప్రతిసారి కొద్ది పరమాణువులనే బయటికి తీసి చిత్రించి, ఒకే సుడి కదలికను వరుసగా చూచినారు.

దీనివలన ఎకరాకు బస్తా ధాన్యము పెరుగునా అని పెద్దలు అడుగవచ్చును. పెరుగదు. కాని అల్లకల్లోలముగా పారు ప్రవాహము నేటికీ శాస్త్రజ్ఞులకు పూర్తిగా లొంగలేదు. దానిని సుడి సుడిగా పరిశీలించు వీలు ఇక్కడ కలదు. న్యూట్రాను నక్షత్రముల భ్రమణము అప్పుడప్పుడు హఠాత్తుగా హెచ్చుటకు కూడ ఇట్టి సుడులే కారణమని పలువురి అభిప్రాయము.

ఇట్టి అతిశీతల పరిశోధన మన బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలోనే జరుగుచున్నది. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, కళాశాలలో ఇంగ్లీషు నేర్చు మన పిల్లలకు అది దూరము కాదు. తూము దగ్గరికి పోవద్దని తప్పక చెప్పుదము. ప్రశ్న అడుగవద్దని మాత్రము చెప్పకుందము.