ఒక్కచోట మారిస్తే చాలు



పండగలాంటి ఈ మూడురోజుల్లో కంప్యూటర్ గోల ఎందుకని విసుక్కోకండి. ఉద్యోగం సంగతులు పక్కన పెట్టి, మన సంఘం పనికి పనికొచ్చే ఒక చిన్న విషయం చెప్పి ముగిస్తాను.

మన సంఘాల్లో కాగితాల పనంతా స్వచ్ఛంద సేవకులదే. పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదింటికి కూర్చుని ఆహ్వానాలు, ప్రశంసాపత్రాలు, విరాళాల రసీదులు తయారుచేస్తారు. పాత ఫైలు తెరిచి, పేరూ అంకె మార్చి, మళ్ళీ సేవ్ చేయడం మన అలవాటు. ఏదో ఒకచోట మార్చడం మరిచిపోతే ఒకరి రసీదులో ఇంకొకరి మొత్తం వెళ్తుంది. అమెరికాలో ఒకేసారి 250 డాలర్లు, అంతకుమించి ఇచ్చిన దాత పన్ను మినహాయింపు కోరాలంటే సంస్థ ఇచ్చిన రాతపూర్వకమైన రసీదు ఉండితీరాలి. అందులో సంస్థ పేరు, ఇచ్చిన మొత్తం, ప్రతిఫలంగా దాతకు ఏమైనా అందిందా లేదా అన్న వాక్యం ఉండాలి. రసీదు తప్పయితే నష్టపోయేది మనల్ని నమ్మి ఇచ్చినవారే.

దీనికి మందు మనందరి దగ్గరా ఉన్న మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోనే ఉంది. దాని పేరు ఫీల్డు. శుభలేఖ అందరికీ ఒకటే, కవరు మీద పేరే వేరు కదా! ఆ పేరు రాసే ఖాళీ లాంటిదే ఫీల్డు. దాతల పేర్లు, మొత్తాలు, తేదీలు ఒక ఎక్సెల్ పట్టికలో ఉంచి మెయిల్ మెర్జ్ చేస్తే ఎన్ని వందల రసీదులైనా ఒకే నమూనా నుంచి వస్తాయి. విందు టికెట్టుతో కలిపి ఇచ్చినవారికి విందు విలువ, మిగిలినవారికి "ప్రతిఫలమేమీ ఇవ్వలేదు" అన్న వాక్యం పడేలా ఇఫ్ ఫీల్డు పెట్టుకోవచ్చు. ఫీల్డు చుట్టూ ఉండే మీసాల బ్రాకెట్లను కీబోర్డు మీద కొడితే పనిచేయవు. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కాలి.

హాలు పేరు, సభల తేదీల వంటివి డాక్యుమెంట్ ప్రాపర్టీలో ఒక్కసారి రాసి, మిగతా అన్నిచోట్లా ఫీల్డు పెట్టండి. హాలు మారితే ఒక్కచోట మార్చి, మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే చాలు. హెడర్, ఫుటర్ మాత్రం విడిగా చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. రసీదులో డేట్ ఫీల్డు పెట్టకండి. ఫైలు ఎప్పుడు తెరిస్తే ఆనాటి తేదీ చూపిస్తుంది. విరాళం తేదీ పట్టిక నుంచే రావాలి.

తెలుగులో మరో చిక్కుంది. రవికి, రాముకు అని పేరును బట్టి విభక్తి మారుతుంది. ఆ తేడా ఫీల్డుకు తెలియదు. మన మర్యాదే ఇక్కడ మనల్ని కాపాడుతుంది. పేరు తర్వాత "గారు" చేర్చి, "గారికి", "గారి" అని నమూనాలోనే రాసేస్తే ఏ పేరు వచ్చినా అతుకుతుంది.

పవర్‌పాయింట్‌లో ఇన్ని ఫీల్డులు లేవు. తేదీ, స్లైడు నంబరు, ఫుటరు మాత్రమే దొరుకుతాయి. లోగో, సభల పేరు స్లైడ్ మాస్టర్‌లో పెట్టండి. బడ్జెట్ అంకెలను ఎక్సెల్ నుంచి పేస్ట్ లింక్ చేయండి. ఆ రెండు ఫైళ్ళనూ కలిపే దాచండి, లేకపోతే లింకు తెగుతుంది.

చివరిగా ఒక మాట. పట్టికలో తప్పుంటే ఫీల్డు ఆ తప్పునే అందరికీ పంచిపెడుతుంది. అందుకే పంపేముందు రెండో మనిషి చేత పట్టికంతా చదివించండి. కార్యవర్గం మారినప్పుడు కొత్తవారికి ఆ పట్టికా, నమూనా రెండూ అప్పగించండి. వాళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది. ఆ మిగిలిన రాత్రులు పిల్లలకు తెలుగు పద్యాలు నేర్పడానికి ఉపయోగపడతాయి.