జిప్సము, సున్నము, చౌడు: తెల్లని పొడుల తారతమ్యము



అనంతపురము జిల్లాలో సాలునకు కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎఱ్ఱ గరపనేలలో వేరుసెనగ వేయు రైతునకు ఒక్క పదను తప్పినను పంట తగ్గును. అట్టిచోట డబ్బిచ్చి కొన్న సరకు వ్యర్థమగుట రెండవ కఱవు వంటిది. తెల్లని పొడులన్నియు ఒక్కటే యనుకొనుటవలన ఈ నష్టము కలుగుచుండును. కావున పదార్థముల కూర్పును కొంత తెలిసికొనుట మేలు.

లోకమునందలి వస్తువులన్నియు మూలద్రవ్యములతో నేర్పడినవి. మూలద్రవ్యముయొక్క మిక్కిలి చిన్న కణమునకు పరమాణువని పేరు. వేర్వేరు మూలద్రవ్యముల పరమాణువులు నియమిత సంఖ్యలో కూడినచో సంయోగ పదార్థమగును. అందు వాని పూర్వగుణములు నిలువవు. సోడియము మెత్తని లోహము, క్లోరిను విషవాయువు. రెండును కూడినచో కూరలో వేసికొను ఉప్పగును.

1869వ సంవత్సరమున రష్యా దేశీయుడగు మెండలీవు మూలద్రవ్యములను వరుసగా నమర్చి, గుణములు పోలినవానిని కుటుంబములుగా జూపెను. సోడియము, పొటాసియము ఒక కుటుంబము. మెగ్నీషియము, కాల్షియము దాని ప్రక్క కుటుంబము. కుటుంబ మొక్కటైనను పని యొక్కటి కాదు. పొటాసియము పైరునకు ఆహారము. సోడియము మితిమీరినచో నేలను చెఱచును.

బట్టలుదుకుటకు వాడు చౌడులో సోడియము, కర్బనము, ఆమ్లజని కూడియున్నవి. సోడియము బంకమంటి రేణువులకు అంటుకొనగా అవి విడిపోయి, నీరు క్రిందికి దిగనీయవు. ఎండినపిదప నేల చెక్కుకట్టును. జిప్సములో కాల్షియము, గంధకము, ఆమ్లజని, నీరు గలవు. నీటిలో సోడియము కణము ఒక విద్యుదావేశమును, కాల్షియము కణము రెండింటిని వహించును. కావున ఒక కాల్షియము రెండు సోడియములను వెడలగొట్టి వాని తావున నిలుచును. వెడలిన సోడియమును మంచినీరు కట్టి మురుగుకాలువద్వారా పంపివేయవలెను. కాలువ లేనిచో జిప్సము వేసియు ఫలము తక్కువ. సున్నపురాయి పొడిలోను కాల్షియము కలదు గాని, చౌడునేలలో నది కరుగదు. కనుక జిప్సమునకు బదులు కాజాలదు. ఎంత జిప్సము వేయవలెనో మన్ను పరీక్షించి నిర్ణయింపవలెను.

వేరుసెనగకు జిప్సముతో మఱియొక అక్కఱ కలదు. ఊడలు భూమిలో దిగినపిదప కాయ తనకు కావలసిన కాల్షియమును వేరునుండి గాక, చుట్టునున్న మంటినుండియే గ్రహించును. అది కొఱవడినచో గింజ నిండక తాలుకాయలగును. గంధకము గింజలో నూనె పెరుగుటకు తోడ్పడును. కావున పూతదశలో, నేల పదనుగా నున్నప్పుడు, ఎకరమునకు 200 కిలోల జిప్సమును మొక్కల మొదళ్ల చెంత చల్లి మన్ను ఎగద్రోయవలెను. విత్తిన 45 దినములు దాటినపిదప ఊడలు కదలునట్లు నేలను త్రవ్వరాదు. జిప్సములో నత్రజని గాని, భాస్వరము గాని, పొటాసియము గాని లేవు. కావున పశువుల యెరువును మానరాదు.

పొడిని కొనునపుడు రంగు చూచి మోసపోవలదు. సంచిపై వ్రాసిన పేరును చదివించుకొని, అందేయే మూలద్రవ్యములున్నవో అడిగి తెలిసికొని, పిమ్మటనే డబ్బు చెల్లింపుడు.