మ్యూజియములు - మన ఇంటి పాత కాగితాలు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మ్యూజియం అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది హైదరాబాదు సాలార్‌జంగ్ గడియారం. లోపలి బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టడం చూడాలని జనం ముందుగానే చేరి కూర్చుంటారు. మేమూ మా విద్యార్థులతో అలాగే కూర్చున్నాము. కాని అదే మ్యూజియంలో అరబీ, ఫార్సీ, ఉర్దూ చేతివ్రాత ప్రతులున్న వైపు వెళ్ళినవారు మాకు బహు కొద్దిమందే కనిపించారు.

మూడవ సాలార్‌జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు 1949లో మరణించారు. వివాహం లేదు, సంతానం లేదు. తాత తండ్రుల నాటి నుండి వచ్చినవీ, తాము కొన్నవీ అన్నీ దివాన్ దేవిడీలో ఉండిపోయాయి. 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు అక్కడే మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. గవర్నరు అధ్యక్షతన బోర్డు ఏర్పడింది. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారింది. నవాబు గారి అతిథులు చూచిన వస్తువులను ఈనాడు టిక్కెట్టు కొన్న కూలివాడూ చూస్తున్నాడు. సొంత ఆస్తి అందరి అమానతు అయినది.

అమానతు అంటే తాళం వేసి కాపలా కాయడం ఒక్కటే కాదు. ఏ వస్తువు ఎక్కడిదో పుస్తకంలో వ్రాయాలి. చెద, తేమ చేరకుండా చూడాలి. తెలియనివారికి విప్పి చెప్పాలి. 2022లో ప్రేగ్ నగరంలో అంతర్జాతీయ మ్యూజియముల మండలి ఇచ్చిన కొత్త నిర్వచనంలో సమాజసేవ, అందరికీ ప్రవేశం, ప్రజల భాగస్వామ్యం అనే విషయాలు ఉన్నాయి. అంటే ఈ పనిలో మనకూ వాటా ఉన్నది.

హైదరాబాదు దాకా ఎందుకు? మన రాజమండ్రి పాత మసీదుకు 1324 నాటి శాసనం ఉన్నది. రాయి గనుక ఏడు వందల ఏళ్ళు నిలిచింది. కాగితానికి అంత ఆయుష్షు ఎక్కడిది?

మా ఇంటి సంగతే చెబుతాము. మా దాదాగారి చేతివ్రాత పుస్తకం ఒకటి ఉండేది. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, తుఫాను వచ్చిన ఏళ్ళు, తీర్చిన అప్పులు - అన్నీ ఉర్దూలో వ్రాసుకున్నారట. ఒక ఏడు ఇంటికి సున్నం వేయిస్తూ, చిరిగిన ఖురాన్ షరీఫ్ పుటలతో పాటు దానినీ అదబుగా మూటకట్టి గోదావరిలో కలపడానికి పంపేశాము. ఉర్దూ చెప్పి బ్రతికే మేమే విప్పి చూడలేదు! పవిత్ర గ్రంథం పట్ల ఆ మర్యాద సరియైనదే. కాని దానితో మా వంశ చరిత్ర కూడా నీటిపాలైంది.

కనుక మా మనవి ఒక్కటే. మన సంఘం భవనం కట్టనక్కరలేదు, ఒక రిజిష్టరు పెడితే చాలు. ఎవరింట ఏ పాత నిఖానామా, ఉత్తరం, వక్ఫు కాగితం ఉన్నదో అందులో వ్రాద్దాము. వస్తువు మీ ఇంటనే ఉంటుంది, సెల్‌ఫోనుతో ఫోటో మాత్రం తీసుకుందాము. ఉర్దూ రాని కుటుంబాలకు ఆదివారాలు మేము వచ్చి చదివి, సారాంశం తెలుగులో వ్రాసి ఇస్తాము. మూట కట్టే ముందు ఒక్కసారి మాకు కబురు పెట్టండి.