సన్న దారం మోజు: ఫ్లై ఫిషింగ్‌కి లీడర్ ఎలా ఎంచుకోవాలి?

  

పోయిన ఎపిసోడ్‌లో రాడ్, రీల్, ఫ్లై లైన్ గురించి చెప్పుకున్నాం కదా. అది చూసి డాలస్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వచ్చే నెల మా కొలరాడో వస్తున్నాడట, ట్రౌట్ పట్టాలని సరదా. "అన్నా, షాపుకెళ్లాను. లీడర్లు గోడ నిండా వేలాడుతున్నాయి. ఏడున్నర అడుగులు, 9 అడుగులు, 3ఎక్స్, 5ఎక్స్, నైలాన్, ఫ్లోరోకార్బన్... ఏది తీసుకోవాలో తెలియక ఉత్త చేతులతో వచ్చేశాను. అన్నిట్లోకీ సన్నది కొనేస్తే సరిపోతుందా? చేపకి కనపడదు కదా?" అని అడిగాడు.

సరిపోదు తమ్ముడూ. సరిగ్గా ఇదే ఆలోచనతో నేను మొదట్లో ఒక చేప ప్రాణం తీశాను. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు అసలు లీడర్ అంటే ఏమిటో చూద్దాం.

నేను గోదావరి కాలవ గట్టు మీద పెరిగినవాణ్ని. చిన్నప్పుడు వెదురు కర్ర, తంగూసు, ఒక బెండు, గాలానికి వానపాము, అంతే మా సరంజామా. అక్కడ ఎరకి బరువుంటుంది కాబట్టి విసిరితే అదే వెళ్లి పడుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో అలా కుదరదు. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు. దానికి బరువుండదు. బరువంతా రంగు రంగుల లావు లైన్‌లో ఉంటుంది. మనం విసిరేది ఆ లైన్‌ని. ఫ్లై దాని వెనకాల వెళ్తుంది.

మరి అంత లావు లైన్‌ని తీసుకెళ్లి దోమంత ఫ్లైకి నేరుగా కట్టలేం కదా. ఆ రెంటినీ కలిపేదే లీడర్. మన ఊళ్లో ఎడ్లబండి తోలే చెర్నాకోల గుర్తు చేసుకోండి. పిడి దగ్గర లావుగా ఉండి, చివరికి వచ్చేసరికి సన్నబడిపోతుంది. చెయ్యి ఆడించిన ఊపు లావు నుంచి సన్నానికి పాకుతూ కొసదాకా వెళ్తుంది. లీడర్ పని కూడా అంతే. లైన్ వైపు ఉండే లావు భాగాన్ని బట్ అంటారు. కొసన ఉండే సన్న భాగం టిప్పెట్. మధ్యలో క్రమంగా సన్నబడే భాగం టేపర్. ఈ సన్నబడటం సరిగ్గా ఉంటేనే ఫ్లై నీటి మీద మెల్లగా వాలుతుంది. లేకపోతే దారమంతా కుప్పలా పడుతుంది.

ఇప్పుడు ఆ ఎక్స్‌ల గొడవ. ఇది చాలామందిని తికమక పెడుతుంది, ఎందుకంటే అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. చిన్న చిట్కా చెప్తాను, రాసుకోండి. 11 లోంచి ఆ ఎక్స్ అంకె తీసెయ్యండి. మిగిలింది అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన దారం మందం. 5ఎక్స్ అంటే 11 లోంచి 5 పోగా 6, అంటే 0.006 అంగుళాలు. మన లెక్కలో 0.15 మిల్లీమీటర్లు. 4ఎక్స్ 0.007 అంగుళాలు. 7ఎక్స్ అయితే 0.004 అంగుళాలు, 0.1 మిల్లీమీటరు. తలవెంట్రుక కన్నా కాస్తే లావు.

ఈ ఎక్స్ ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసా? పట్టుపురుగు నుంచి. నైలాన్ రాకముందు లీడర్లు పట్టుపురుగు లోపలి పట్టు గ్రంథితోనే చేసేవారు. గూడు కట్టబోయే పురుగుని వెనిగర్‌లో నానబెట్టి, ఆ గ్రంథిని బయటికి తీసి చేత్తో సాగదీసేవారు. స్పెయిన్‌లోని మూర్సియా ఈ పనికి పేరుపడ్డ ఊరు. మన ధర్మవరంలో అదే పురుగు పట్టు చీర అవుతుంది, అక్కడ గాలపు దారం అయింది. ఆ పోగుని ఇంకా సన్నం చెయ్యాలంటే పలకలోని చిన్న రంధ్రంలోంచి లాగేవారు. ఒకసారి లాగితే 1ఎక్స్, రెండుసార్లు లాగితే 2ఎక్స్. 1938లో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ని ప్రకటించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పట్టు దారం మూలన పడింది. ఎక్స్ మాత్రం మిగిలిపోయింది.

సరే, ఏ ఎక్స్ కొనాలి? ముందు ఫ్లై సైజు చూడండి. ఫ్లై నంబర్‌ని 3తో భాగించండి, లేదా 4తో. ఆ రెండు జవాబుల మధ్య ఉండేదే మీ టిప్పెట్. 16వ నంబర్ ఫ్లై అయితే 3తో భాగిస్తే సుమారు 5, 4తో భాగిస్తే 4. అంటే 5ఎక్స్ గానీ 4ఎక్స్ గానీ. 12వ నంబర్ అయితే 4ఎక్స్ లేదా 3ఎక్స్. ఇది కొండ మీద శాసనమేమీ కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే లెక్క.

ఈ లెక్క ఎందుకంటే, పెద్ద ఫ్లైకి మరీ సన్న దారం కడితే గాలిలో బొంగరంలా తిరిగి దారం మెలికలు పడిపోతుంది. చిన్న ఫ్లైకి లావు దారం కడితే కర్రకి కట్టినట్టు బిగుసుకుపోతుంది, నీటితో పాటు కదలదు.

తర్వాత పొడవు. కొత్తవాళ్లకి 9 అడుగులు మంచిది, చాలా చోట్ల పనికొస్తుంది. చెట్లు కమ్ముకున్న చిన్న వాగుల్లో, గాలి గట్టిగా ఉన్నప్పుడు, బరువైన ఫ్లైలు వాడేటప్పుడు ఏడున్నర అడుగులు చాలు. నీళ్లు అద్దంలా తేటగా, నిదానంగా ఉండి, చేపలు బెదురుతుంటే 12 అడుగులకి వెళ్లండి. అయితే 12 అడుగుల లీడర్‌ని విప్పి పడేయడానికి చెయ్యి తిరగాలి. మొదటి రోజే వద్దు.

ఇక నైలానా, ఫ్లోరోకార్బనా? నైలాన్ మెత్తన, ముడి బాగా పడుతుంది, బరువు తక్కువ. నీటి మీద తేలే డ్రై ఫ్లైకి అదే వాడండి. ఫ్లోరోకార్బన్ బరువెక్కువ, మునుగుతుంది, రాళ్లకి రాసుకున్నా తొందరగా చిట్లదు. నీటి అడుగున వాడే నింఫ్‌లకి బాగుంటుంది. కాంతిని వంచే గుణంలో అది నైలాన్ కన్నా నీటికి దగ్గర, అందుకని తక్కువ కనిపిస్తుందంటారు. తక్కువ కనిపిస్తుంది నిజమే, అసలు కనపడదని కాదు. ధర మాత్రం బాగా కనిపిస్తుంది! ఇంకో సంగతి, ఫ్లోరోకార్బన్ ముక్క నదిలో పడితే ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. నైలానూ అంత త్వరగా పోదనుకోండి. పక్షుల కాళ్లకి చుట్టుకుంటుంది. కత్తిరించిన ప్రతి ముక్కా జేబులో వేసుకోండి.

ఇప్పుడు ఆ చేప సంగతి.

నేను ఈ విద్య మొదలుపెట్టిన రెండో ఏడు. ఆగస్టు నెల. క్రెమ్లింగ్ కింద కొలరాడో నది. పొద్దున్నుంచి ఒక్క చేపా ముట్టలేదు. 5ఎక్స్ తీసి 6ఎక్స్ కట్టాను. అదీ పనిచెయ్యలేదు. మధ్యాహ్నం మూడింటికి 7ఎక్స్ కట్టాను. నాలుగోసారి విసిరేసరికి ఒక బ్రౌన్ ట్రౌట్ అందుకుంది. నా జీవితంలో అప్పటికి అదే పెద్దది.

7ఎక్స్ సుమారు ఒక కిలో బరువు ఆపుతుంది. 5ఎక్స్ దాదాపు రెండు కిలోలు. తేడా గమనించండి. గట్టిగా లాగితే తెగిపోతుందని భయం. అందుకే చేప ఎటు పోతే అటు వదులుతూ, మళ్లీ మెల్లగా చుడుతూ, పావుగంట పైన ఆడించాను. గట్టు మీద నా స్నేహితుడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. నేను తెగ మురిసిపోతున్నాను, ఎంత సన్న దారంతో ఎంత పెద్ద చేపని పట్టానో అని. ఫొటో దిగాను. నీళ్లలో పెట్టి వదిలేశాను.

అది ఈదలేదు. పక్కకి ఒరిగిపోయింది. పట్టుకుని ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబెట్టాను. మొప్పలు ఒకట్రెండుసార్లు ఆడాయి. చాలాసేపు అలాగే మోకాళ్ల మీద కూర్చున్నాను. చివరికి తెల్లటి పొట్ట పైకి తేలింది.

అప్పుడు అక్కడే చేపలు పడుతున్న ఒక పెద్దాయన వచ్చి చూశారు. తిట్టలేదు. జేబులోంచి థర్మామీటర్ తీసి నీళ్లలో పెట్టి నాకు చూపించారు. 70 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది, అంటే 21 సెల్సియస్ పైనే. "ఈ వేడిలో అసలు పట్టకూడదు. పట్టినా అంత సన్న దారంతో కాదు," అని మెల్లగా చెప్పి వెళ్లిపోయారు.

ట్రౌట్ చల్లటి నీటి చేప. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వస్తేనే దానికి కష్టం మొదలవుతుంది. అలాంటప్పుడు పావుగంట పరుగెత్తించామంటే ఇక కోలుకోదు. అందుకే ఎండలు ముదిరితే ఇక్కడి వన్యప్రాణి శాఖవాళ్లు కొన్ని నదుల్లో స్వచ్ఛందంగా పట్టడం ఆపమని అడుగుతారు. ఆ రోజు నాకిది తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మీరనొచ్చు, చేపల పులుసు తినేవాడివి, ఒక చేప చస్తే ఇంత బాధేమిటని. నిజమే, తింటాను. కానీ తినడానికి చంపడం వేరు. వదిలేస్తున్నానని చెప్పుకుంటూ, గొప్ప కోసం చంపడం వేరు. మా తాత కాలవలో పట్టిన చేపని ఎప్పుడూ ఆడించేవాడు కాదు. "పడిందా, గట్టుకి లాగు. దాంతో ఆటలేమిట్రా," అనేవాడు. ఆయన మాట అర్థం కావడానికి నాకు కొలరాడో నది దాకా రావాల్సి వచ్చింది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. చేప ఒప్పుకునేంత వరకు, వీలైనంత లావు దారం వాడతాను. వీలైనంత సన్నది కాదు.

మరి చేపలు ముట్టకపోతే? అక్కడే అసలు కిటుకు ఉంది. చాలాసార్లు చేప మన దారాన్ని చూసి వద్దనదు. మన ఫ్లై నడకని చూసి వద్దంటుంది. నిజమైన పురుగు నీటితో పాటు కొట్టుకుపోతుంది. మన ఫ్లైని దారం లాగుతుంటే నీటి మీద గీత పడుతుంది. దీన్నే డ్రాగ్ అంటారు. సన్న దారం పనిచేసేది ఎక్కువగా మెత్తగా ఉంటుంది కాబట్టి, కనపడదని కాదు. అందుకని దారం మార్చేముందు మీ చోటు మార్చండి, విసిరే కోణం మార్చండి. అప్పటికీ కాకపోతే అదే మందం టిప్పెట్‌ని రెండడుగుల నుంచి మూడున్నర అడుగులకి పెంచండి. ఆ అదనపు పొడవు వదులుగా పడి ఫ్లైని స్వేచ్ఛగా పోనిస్తుంది. ఆ ఆగస్టు మధ్యాహ్నం నేను చెయ్యని పని ఇదే. ఉన్నచోటే నిలబడి దారం సన్నం చేసుకుంటూ పోయాను.

సన్న దారం ఎప్పుడూ తప్పని అనడం లేదు. సౌత్ ప్లాట్ నది మీద చీస్మన్ కాన్యన్ ఉంది. పట్టిన ప్రతి చేపనీ వదిలేయాలన్నది అక్కడి నియమం. డ్యామ్ కింద నీళ్లు, చల్లగా, తేటగా ఉంటాయి. 22వ నంబర్ ఫ్లై కట్టాల్సి వస్తుంది. దానికి 4ఎక్స్ కొస కొక్కెం కంటిలో దూరడమే కష్టం. అక్కడ 6ఎక్స్ వాడతాను. నీళ్లు చల్లగా ఉన్నాయి కాబట్టి, ఆ ఫ్లైకి అదే సరైన జోడీ కాబట్టి. అప్పుడు కూడా పెద్ద వల దగ్గర పెట్టుకుని, రాడ్ పక్కకి వంచి లాగి, వీలైనంత త్వరగా వలలోకి తీసుకుంటాను.

డాలస్ తమ్ముడూ, ఇక నీ చీటీ రాసుకో. 9 అడుగుల 4ఎక్స్ నైలాన్ లీడర్లు రెండు. 4ఎక్స్, 5ఎక్స్ టిప్పెట్ చుట్టలు ఒక్కోటి. చిన్న ఫ్లైల కోసం 6ఎక్స్ ఒకటి. 7ఎక్స్ వద్దు. లీడర్‌కి టిప్పెట్ కలపడానికి డబుల్ సర్జన్స్ ముడి నేర్చుకో. ముడి బిగించేముందు ఉమ్మితో తడుపు, పొడిగా బిగిస్తే రాపిడికి అక్కడే తెగుతుంది. నైలాన్ చుట్టల్ని ఎండలో, కారు డాష్‌బోర్డ్ మీద వదిలెయ్యకు, బలం పోతుంది. వీటన్నిటితో పాటు ఒక థర్మామీటర్ కొనుక్కో.  20 డిగ్రీలు దగ్గరపడిందంటే రాడ్ మడిచేసి, నీడన కూర్చుని పులిహోర తిను. మర్నాడు తెల్లవారుజామున నీళ్లు మళ్లీ చల్లబడతాయి, చేపలు అక్కడే ఉంటాయి.

వచ్చే ఎపిసోడ్‌లో ముడులన్నీ చేతిలో దారం పట్టుకుని దగ్గరగా చూపిస్తాను. అప్పటిదాకా సెలవు. ఉంటానండీ, నమస్కారం.