మొదట కుర్తీ, ఆ తరవాతే జాకెట్టు

మన ఊళ్ళలో కుట్టుమిషన్లకు కొదవ లేదు. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టినవి, పొదుపు సంఘం అప్పుతో కొన్నవి, ఏదో పథకం కింద వచ్చినవి చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటిలో చాలా మూత తీయకుండానే మూలన ఉండిపోతాయి. ఎప్పుడైనా చీరకు ఫాల్ వేయాల్సి వస్తేనో, దిండు గలీబు కుట్టాల్సి వస్తేనో మాత్రమే బయటికి వస్తాయి. ఎందుకు వదిలేశారని అడిగితే తరచుగా వినిపించే జవాబు ఒకటే: "జాకెట్టు కుదరలేదండీ." ఈ జవాబు గురించే ఈరోజు మాట్లాడదలిచాను. నా ఉద్దేశంలో తప్పు ఆ చేతుల్లో లేదు, మొదలుపెట్టిన బట్టలో ఉంది. ఇంట్లో కుట్టుకోవాలనుకునేవాళ్ళు ముందు రోజూ వేసుకునే కుర్తీ, నైటీ, ఇంటి టాపు దగ్గర మొదలుపెట్టాలి. జాకెట్టు ఆ తరవాత. ఈత నేర్చుకునేవాళ్ళెవరూ వరద గోదావరిలో తొలి మునక వేయరు కదా.

జాకెట్టు ఎందుకంత కష్టమో లెక్క వేసి చూద్దాం. సాధారణంగా బట్టను నాలుగు మడతలు వేసి కత్తిరిస్తాం. ఒక్కో మడతలో పావు అంగుళం తేడా వచ్చిందనుకోండి, చుట్టుకొలతలో అది అంగుళం అవుతుంది. జాకెట్టుకు ఒంటి కొలత మీద వదిలే వదులే దాదాపు అంగుళం. అంటే సుద్దగీతకు కాస్త లోపల కత్తెర పడితే హుక్కు పట్టదు, కాస్త బయట పడితే భుజం జారుతుంది. దానికి తోడు ఎదుటి భాగంలో డాట్లు, అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్న తూకం, హుక్కుల పట్టీ, కాజాల పట్టీ, చంక వంపు, చెయ్యి వంపు, రెండూ ముడతపడకుండా కలవడం. పట్టుబట్ట అయితే లైనింగు కూడా. పైగా అది చీరతో వచ్చిన ముక్క, పాడైతే మరో ముక్క దొరకదు. కొత్తగా నేర్చేవాళ్ళ చేతికి ఇన్ని పరీక్షలు ఒకేసారి పెట్టి, తప్పినందుకు "నాకు చేతకాదు" అని వాళ్ళనే అనుకోనివ్వడం అన్యాయం.

అదే పొరపాటు కుర్తీలో ఏమవుతుంది? నేరుగా దిగే కుర్తీకి ఛాతీ దగ్గర మూడు నాలుగు అంగుళాల వదులు పెడతాం. అందులో ఒక అంగుళం అటూ ఇటూ అయితే వేసుకున్న మనిషికి కూడా తెలియదు. డాట్లు అక్కర్లేదు, హుక్కులు అక్కర్లేదు, పక్కన చీలికలు ఉంటాయి కాబట్టి తుంటి దగ్గర పట్టేస్తుందన్న భయమూ లేదు. బట్ట లెక్క కూడా తేలికే. సుమారు 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట రెండున్నర మీటర్లు తీసుకోండి. 44 అంగుళాల పొడవున్న కుర్తీకి ముందుభాగం, వెనకభాగం కలిపి, మడతలతో సహా, 92 అంగుళాలు పోతాయి, అంటే రెండు మీటర్ల 34 సెంటీమీటర్లు. మధ్యస్థంగా ఉన్న మనిషికి ఒక్కో భాగం వెడల్పు 24, 26 అంగుళాలకు మించదు. పక్కన మిగిలిన పద్దెనిమిది ఇరవై అంగుళాల పట్టీలో రెండు చేతులూ వస్తాయి, జాగ్రత్తగా పరిస్తే రెండు జేబులూ వస్తాయి. జేబు మాట మామూలుగా అనలేదు. ఆడవాళ్ళ బట్టలకు జేబు లేకపోవడం చాలా పెద్ద లోటు. ఫోను, తాళాలు, నాలుగు నోట్లు చేతిలో పట్టుకుని తిరగవలసిన పని ఏ మగవాడికీ లేదు. పక్క కుట్టులో జేబు పెట్టడానికి పట్టేది మహా అయితే అరగంట.

రెడీమేడ్ కుర్తీలు ఇన్ని దొరుకుతుంటే ఈ శ్రమ దేనికని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రెడీమేడ్ బట్ట ఒక ఊహించిన ఒంటికి కుట్టినది. ఛాతీ పెరిగితే భుజమూ పెరుగుతుంది, పొడవూ పెరుగుతుంది అన్న లెక్కతో సైజులు పెంచుకుంటూ పోతారు. నిజం ఒళ్ళు అలా పెరగవు. పొట్టిగా, నిండుగా ఉన్న ఆవిడకు ఛాతీ సరిపోయే సైజు తీసుకుంటే భుజం కుట్టు జబ్బ మీదికి జారుతుంది. మన దేశానికి సొంత కొలతల పట్టిక లేక, విదేశీ పట్టికల మీద ఆధారపడుతున్నామని గుర్తించే కేంద్ర జౌళి శాఖ, ఫ్యాషను విద్యాసంస్థ నిఫ్ట్ కలిసి జాతీయ కొలతల సర్వే తలపెట్టాయి. ఆరు నగరాల్లో ఇరవై అయిదు వేల మందిని స్కానర్లతో కొలవాలన్నది ప్రణాళిక, ఆ ఆరింటిలో మన హైదరాబాదు ఒకటి. మీ ఒంటి కొలత తీసుకోవడానికి మాత్రం మీకు ఒక టేపు చాలు. ఇంకో సంగతి. ఎక్కువ రకాల ఒళ్ళకు సరిపోవాలని రెడీమేడ్‌లో చాలాసార్లు చంక కిందికి దించి కోస్తారు. లోతైన చంక సుఖంగా ఉంటుందని అనుకుంటాం. కానీ చెయ్యి పైకెత్తగానే పక్క కుట్టుతో సహా కుర్తీ మొత్తం పైకి లేస్తుంది. బస్సులో పైకడ్డీ పట్టుకునే ఆడపిల్లలకు ఈ ఇబ్బంది నేను చెప్పక్కర్లేదు. చంక కాస్త పైకి, ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి స్వేచ్ఛగా ఆడుతుంది. ఇంట్లో కుట్టుకుంటే ఆ ఎత్తు నిర్ణయించేది మీరే.

ఇక గుడ్డ సంగతి. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు వస్తాయి. అలాంటి ఎండలో ఒంటి మీద ఉన్న గుడ్డ ఏదన్నది సోకు విషయం కాదు. మామూలు తేమ ఉన్న గాలిలో పత్తి తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పీల్చుకుంటుంది, పాలిస్టరు అర శాతం కూడా పీల్చదు. చవకగా దొరికే కుర్తీల్లో ఎక్కువ భాగం పాలిస్టరు కలిసినవో, రేయానువో. రేయాను మెత్తగానే ఉంటుంది, చెమటా పీలుస్తుంది, కానీ తడిసినప్పుడు దాని బలం బాగా తగ్గుతుంది. నాలుగు ఉతుకులకు కుట్ల దగ్గర పీలికలవడం అందుకే. మనమేమో మంగళగిరి నూలు, పోచంపల్లి ఇకత్, పెడన కలంకారీ నేసే, అద్దే నేల మీద ఉన్నాం. అచ్చు వేయని చేనేత బట్టకు తొలిసారి కుట్టేవాళ్ళు గమనించాల్సిన ఒక సుగుణం ఉంది: రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఇకత్‌లో నూలుకే ముందుగా రంగు అద్ది నేస్తారు కాబట్టి డిజైను ఇటూ అటూ పలుకుతుంది. తిరగేసి కుట్టానేమోనన్న బెంగ ఉండదు. కలంకారీ తీసుకుంటే పువ్వులూ నెమళ్ళూ ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోకపోతే వెనకభాగంలో నెమలి తలకిందులవుతుంది, అది రెండో కుర్తీకి ఉంచుకోండి.

డబ్బు విషయంలో ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. కుట్టుకూలి ఎక్కువయ్యేది జాకెట్టుకే, కుర్తీ సంతలోనూ చవకే, మరి ఆదా కావాలంటే ముందు జాకెట్టే నేర్చుకోవాలి కదా అంటారు. లెక్కగా చూస్తే ఈ మాట నిజమే. మంచి చేనేత బట్ట కొని కుట్టిన కుర్తీ, సంత కుర్తీ కంటే ఖరీదే అవుతుంది. మిగులుతుందని చెప్పి ఎవరినీ మిషను ముందు కూర్చోబెట్టను. కానీ ఆ ఆదా చేతికి రావాలంటే ముందు చెయ్యి నిలవాలి. చేతికి కత్తెర, కాలికి మిషను, కంటికి కుట్టు వరస అలవాటయ్యేదాకా జాకెట్టు కూలి మిగలదు సరికదా, గుడ్డ కూడా దండగవుతుంది. ఇంకొకటి, పక్క కుట్ల లోపల అంగుళంన్నర బట్ట వదిలి కుట్టిన కుర్తీని ఒళ్ళు చేసినప్పుడు విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. చవక కుర్తీలో లోపల అర అంగుళం కూడా ఉండదు, బిగుతైతే పని అయిపోయినట్టే. సంవత్సరాలు వేసుకునే బట్ట ధరను కొన్న రోజు ధరతో పోల్చడం సరైన కొలత కాదు. చవక వెనక ఏముందో కూడా మరిచిపోకూడదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ భవనంలోని కార్ఖానాల్లో మిషన్ల ముందు కూర్చుని ఇలాంటి రోజువారీ బట్టలు కుట్టినవాళ్ళే వాళ్ళలో ఎక్కువమంది. ఒక్క చెయ్యి ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందో తెలిసినవాళ్ళకు ఆ చవక ధర వేరేలా కనబడుతుంది.

అందరూ ఇంట్లోనే కుట్టుకుంటే దర్జీల గతి ఏమిటన్నది ఇంకో ప్రశ్న. తరతరాలుగా ఈ పని మీద బతుకుతున్న మేర కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాళ్ళ పనిని కొల్లగొట్టింది ఇంటి మిషను కాదు, రెడీమేడ్ దుకాణం. బట్ట కొని కుట్టించుకునే అలవాటు బతికి ఉంటేనే వాళ్ళ దగ్గరికి కష్టమైన పని వస్తుంది, కుట్టు తెలిసినవాళ్ళు కూలి బేరం ఆడేముందు ఆగి ఆలోచిస్తారు. ఇక ఆడవాళ్ళ నెత్తిన మరో చాకిరీ పెడుతున్నారన్న విమర్శను నేను తేలిగ్గా తీసుకోను. ఇంటిల్లిపాదికీ కుట్టిపెట్టమని నేను అనడం లేదు. ఎవరి బట్ట వాళ్ళు కుట్టుకోవచ్చు, ఊడిన గుండీ కుట్టుకోవడం మగపిల్లలకూ రావాలి. మన దర్జీ దుకాణాల్లో మిషను తొక్కింది ఎన్నో తరాలుగా మగవాళ్ళే, కాబట్టి అది వాళ్ళకు రాని పనని ఎవరూ అనలేరు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. కొన్న బట్టను కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయండి. ఈ ఒక్క మెట్టు దాటవేయవద్దు. నూలు బట్ట నూటికి అయిదు వంతులు కుంచించుకుంటే 44 అంగుళాల కుర్తీ రెండంగుళాలకు పైగా పొట్టిదవుతుంది. కొలతలకు వీడియోలో చెప్పిన అంకెలు రాసుకోకండి, ఆ అంకెలు వీడియోలో ఉన్న ఒంటివి. జాకెట్టుకు ఆది జాకెట్టు ఇచ్చినట్టే, మీకు బాగా కుదిరిన పాత కుర్తీని ఆదిగా పెట్టుకుని, దాన్ని బట్ట మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కుట్లకు వదలవలసింది వదిలి కత్తిరించండి. పొడవు ఎప్పుడూ పడుగు వెంట రావాలి, అంటే బట్ట అంచుకు సమాంతరంగా. వాలుగా కోస్తే ఉతికాక పక్క కుట్టు మెలితిరిగి ముందుకు వస్తుంది. పల్చటి నూలుకు 11 నంబరు సూది, కాస్త దళసరికి 14 నంబరు. అన్నిటికంటే జాగ్రత్త మెడ దగ్గర కావాలి. పెద్దగా కోసిన మెడను చిన్నది చేయలేం, కాబట్టి ముందు అనుకున్నదానికంటే అర అంగుళం లోపలే కోసి, భుజాలు కుట్టి, తలలోంచి వేసుకుని చూసి, అప్పుడు పెంచండి. తల చుట్టుకొలత పెద్దవాళ్ళకు సుమారు 22 అంగుళాలు, మెడ అంతకంటే చిన్నదైతే ముందు చిన్న చీలిక పెట్టాలి. మెడ చుట్టూ వేసే పట్టీని క్రాస్‌గా, మూలకు మూల కత్తిరించాలి. నిలువు పట్టీ వంపు తిరగదు, ముడతలు పడుతుంది.

ఇలా మూడు నాలుగు కుర్తీలు అయ్యేసరికి చంక వంపు ఎలా వస్తుందో, చెయ్యి ఎటు ముందో ఎటు వెనకో చేతికే తెలుస్తుంది. అప్పుడు జాకెట్టు మొదలుపెట్టండి. మొదటిది చీరలోని ముక్కతో కాదు, మ్యాచింగ్ సెంటర్‌లో దొరికే టూ బై టూ రూబియా మీటరు తెచ్చుకుని కుట్టండి. పక్కల అంగుళంన్నర వదలండి, డాట్లు ముందు చేత్తో కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని చూసి, అప్పుడే మిషను మీద పెట్టండి. లైనింగు వేసే పట్టు జాకెట్లను మాత్రం ఇంకొన్నాళ్ళు మీ దర్జీకే ఇవ్వండి, ఇచ్చేటప్పుడు మీరు కుట్టుకున్న రూబియా జాకెట్టునే ఆదిగా పట్టుకెళ్ళండి.