ప్యాకేజి యను మాటను గూర్చి

(వార్షిక మహాసభ రెండవనాటి యుదయమున జేసిన యుపన్యాసము)



ఆహ్వానసంఘమువారు నాకు నిర్ణయించిన విషయము సాఫ్టువేరు ఉద్యోగములు, మన యువజనులు అనునది. నేను విద్వాంసుడను గాను. వక్తను అంతకంటెను గాను. చీరాల ప్రాంతమున మగ్గపు గుంట ప్రక్కన బుట్టి, హైదరాబాదు నగరమున 24 సంవత్సరములు సాఫ్టువేరు కొలువు చేసి, 48వ యేట దానిని బోగొట్టుకొన్నవాడను. ఈ కడపటి యర్హతయే నన్ను నేడు మీ యెదుట నిలిపినదని నా నమ్మకము. నిన్నటి దినమున విద్యార్థినిధి నివేదికను మీరెల్లరు వింటిరి. ఋణము గోరి వచ్చిన దరఖాస్తులలో నధికభాగము కంప్యూటరు చదువుల కొరకే. కావున నీ ప్రసంగము కాలక్షేపమునకు గాదు. సంఘము సొమ్ము ఏ త్రోవను బోవలయునో ఆలోచించుటకు.

మన పెద్దలలో గొందరు, పిల్లలు కులవృత్తిని విడిచి కంప్యూటరు పాలైరని నొచ్చుకొందురు. వారికొక్క మాట. 1804వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణమున జకార్డు అను నాతడు చిల్లులు గల అట్టలతో పువ్వులను నేయు మగ్గమును సిద్ధపరచెను. చిల్లున్నచోట దారము లేచును, లేనిచోట లేవదు. అదే యుపాయమును ఇంగ్లాండున బాబేజి అను గణితవేత్త తన గణనయంత్రమునకు గ్రహింపదలచెను. 1890లో అమెరికావారు జనాభాలెక్కలను చిల్లుల కార్డులతోడనే వేసిరి. నేటికిని ధర్మవరమున పట్టుచీర అంచులు జకార్డుతోనే నేయబడుచున్నవి. ఉన్నది, లేదు అను రెండు మాటలతో సమస్తమును జెప్పు విద్య మనకు పరాయిది గాదు. మా తండ్రిగారు పడుగులో తెగిన పోగును వేలికొనతో వెదకి పట్టినట్లే, నేను వేయి పంక్తుల ప్రోగ్రాములో నొక్క తప్పును వెదకుచు రాత్రులు గడపితిని. ఆయనకు నా పని యేమో ఎన్నడును సరిగా చెప్పలేకపోయితిని. ఈ మాట చెప్పియున్న నర్థమై యుండెడిది.

నేను కొలువున జేరిన కాలమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. 1998 నవంబరులో మాదాపురమున సైబరు టవర్సు అను భవనము ప్రారంభింపబడెను. దాని చుట్టును నాడు బండలు, ముళ్లచెట్లు. అప్పుడే లోకమంతటను 2000 సంవత్సరపు భయము వ్యాపించియుండెను. పూర్వపు ప్రోగ్రాములలో స్థలము మిగుల్చుకొనుటకై సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసియుండిరి. 99 తరువాత 00 వచ్చిన యంత్రము దానిని 1900 అనుకొనునేమో యని బ్యాంకులు, భీమాసంస్థలు తల్లడిల్లినవి. ఆ పాతప్రోగ్రాములను దిద్దుటకు మనుష్యులు కావలసివచ్చిరి. అమీరుపేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల మేడలన్నియు శిక్షణాలయము లయ్యెను. నేనును 1999లో ఒక యిరుకు గదిలో ఆరుగురితో గాపురముండి, మూడు నెలలు చదివి, కొలువు సంపాదించితిని. మా యమ్మ మెడలోని గొలుసు ఆ రుసుమునకే పోయినది. మరల జేయించితిని, కాని యామె దానిని ధరింపలేదు, కోడలి కిచ్చినది.

ఇక ప్యాకేజి యను మాటకు వచ్చెదను. మన వధూవర పరిచయసభలలో పిల్లవాని గుణము, చదువు అడుగుటకు ముందే ప్యాకేజి యెంతయని యడుగుచున్నారు. పండ్రెండు లక్షలన్న నెలకు లక్ష యని వెంటనే మనస్సులో లెక్క కట్టుకొందురు. లెక్క యట్లుండదు; ఓపికతో వినుడు. పండ్రెండు లక్షలలో సగము, అనగా 6 లక్షలు, మూలవేతన మనుకొందము. 2025 నవంబరునుండి అమలులోనికి వచ్చిన వేతనచట్టము ఆ భాగము సగమునకు దగ్గకుండవలెనను పద్ధతిని బెట్టినది. భవిష్యనిధికి యజమాని వంతు నూటికి 12 చొప్పున 72 వేలు. అదియు ప్యాకేజిలోనే చేర్తురు. గ్రాట్యుటీ పేరిట సుమారు 28,860 రూపాయలు. స్థిరోద్యోగి ఐదేండ్లు నిలిచినగాని సాధారణముగా నది చేతికి రాదు. పనితీరును, కంపెనీ లాభమును బట్టి యిచ్చునది 1,20,000 అనుకొందము. అది వచ్చిన వచ్చును, లేకున్న లేదు. ఆరోగ్యభీమా 15 వేలు. ఇవి పోగా మిగిలినది 9,64,140, నెలకు 80,345. అందుండి ఉద్యోగి తన వంతు భవిష్యనిధి 6 వేలు, వృత్తిపన్ను 200 మినహాయింపగా చేతికి వచ్చునది 74 వేల చిల్లర. లక్ష యనుకొని యింటి ఋణము దీసికొన్నవాని గతి యేమగును? ఇక గొప్ప కంపెనీలలో క్రొత్తగా జేరు సామాన్యపు పట్టభద్రునికి సంవత్సరమునకు మూడు నాలుగు లక్షల మధ్య మాత్రమే. ఈ సంఖ్య పదేండ్లకు పైగా పెద్దగా కదలలేదు. ఇంటి అద్దె మాత్రము కదలినది.

దీనికంటె మా తండ్రిగారి మజూరి లెక్కయే స్పష్టముగా నుండెడిది. ఇన్ని చీరలు, ఇంత కూలి, షావుకారు బాకీలో ఇంత విరుపు. బాకీ తీరువరకు మరియొక షావుకారు నొద్దకు బోరాదు. కొలువులోనికి వచ్చిన పిదప మూడు నెలల నోటీసు కాలము, శిక్షణ బాండు అను మాటలు విన్నప్పుడు, దీనిని మా వాకిట నేనెప్పుడో వింటినే యనిపించినది.

అమెరికా సంబంధముల మాట చెప్పకుండ వదలరాదు. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్త హెచ్-వన్-బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును ప్రకటించెను. ఆ వారముననే మనవారి యింట నిశ్చయతాంబూలములకు సిద్ధమైన సంబంధ మొకటి నిలిచిపోయినది. పిల్లవాడు మారలేదు, పిల్ల మారలేదు. ఎక్కడనో నొక కాగితముపై సంతకము పడినది. వరకట్న నిషేధచట్టము 1961 నాటిది. ప్యాకేజిని బట్టి కట్నమును హెచ్చించువారు ఆ చట్టమును మరచియున్నారనుట మర్యాదకై యనుచున్న మాట, మరువలేదు.

నా కథను క్లుప్తముగా జెప్పెదను. 2023లో నొక సోమవారము ఉదయమున తెరమీద పావుగంట సమావేశము జరిపి, నా స్థానము తీసివేయబడినదని చెప్పిరి. సమావేశము ముగియకమునుపే నా లాప్‌టాపు తాళము పడినది. ఉద్యోగము పోయినందుకు నేనేడ్వలేదు. కాని మా యమ్మ ఫోటోలు, ఆమె మగ్గము ముచ్చట్లు చెప్పుచుండగా నేను పట్టిన ధ్వనిముద్రణ, నలుబది నిమిషములది, ఆఫీసు లాప్‌టాపులోనే యుంచుకొంటిని. ఆమె దానికి రెండేండ్ల ముందే పోయినది. ఎంత వేడుకొన్నను యంత్రము సంస్థ యాస్తి, అందులోనివన్నియు తుడిచివేయబడినవని ప్రత్యుత్తరము వచ్చెను. నియమము ప్రకారము వారిది తప్పు గాదు. ఇతరుల పెట్టెలో నా తల్లి గొంతును దాచుకొన్నది నేను.

తరువాత రెండు నెలలు ప్రతిదినము ఉదయమున అన్నపు క్యారియరు దీసికొని బయలుదేరి, గ్రంథాలయమున గూర్చుండి, సాయంత్రము ఇంటికి వచ్చుచుంటిని. మా యమ్మాయి సంబంధము మాటలలో నుండెను. తెలిసిన నేమగునో యని భయము. వానకాలమున మగ్గపు గుంటలో నీరూరి పని నిలిచినపుడు మా తండ్రిగారు దానిని దాచలేదు. వీధి వీధియంతయు నిలిచెడిది. అరుగుమీద గూర్చుండి పులిజూదమాడుకొనెడివారు. మాకెవరికిని సిగ్గు తోచలేదు. నాకు సిగ్గెందుకు వచ్చినదో మీరాలోచింపుడు. అది నాయొక్కని లోపము గాదని నేననుకొనుచున్నాను. చివరకు మా యావిడ యొకనాడు క్యారియరు కట్టి నా చేతికిచ్చుచు, "ఇంట్లోనే తినరాదా" యని మాత్రమనెను. ఆమెకు మొదటి వారమునుండియు దెలిసియే యున్నదట.

ఇండ్లలోని కంప్యూటరు అలవాట్లను గూర్చియు రెండు మాటలు. మనవారి యిండ్లకు బోయిన, గోడ క్యాలెండరు మీద పాలలెక్క ప్రక్కన బ్యాంకు పాస్‌వర్డు వ్రాసియుండును. అన్నిటికి నదే పాస్‌వర్డు. పిల్లలు సాఫ్టువేరు ఇంజనీర్లైన యిండ్లలోను నంతే. వారు కంపెనీ రహస్యములను గాపాడుదురు, తల్లిదండ్రుల ఫోనును జూడరు. పోలీసు దుస్తులతో వీడియోలో గనబడి, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమని బెదరించు మోసగాండ్రకు లోబడినవారు మన సభలోనే యుండవచ్చును. అట్టి యరెస్టు మన చట్టములలో లేదు. సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా జేసిన నంత మేలు. ఇక మన సంఘము సంగతి. పండ్రెండేండ్ల సభ్యుల పట్టిక యొకే కంప్యూటరులో నుండి, దాని డిస్కు చెడిపోగా మొన్న నంతయు బోయినది. కాగితముపై మిగిలిన పాత సంచికలనుండి పేర్లను మరల నెక్కించుచున్నాము. కార్యదర్శిగారు కోపగింపకుందురు గాక. నేనును కమిటీలో సభ్యుడనే.

కోడును వ్రాయు యంత్రములు వచ్చినవి. ఇక నీ చదువులెందుకని గొందరడుగుచున్నారు. క్రొత్తగా జేరువారికిచ్చెడి చిన్నపనులను గొన్నింటిని యంత్రము చేయుచున్నమాట నిజము. పనిని గ్రహించి, తప్పు పట్టగలవాని యవసరము పోలేదు. ఆసుయంత్రమును నిర్మించిన చింతకింది మల్లేశముగారు, 2017లో పద్మశ్రీ పొందినవారు, పెద్ద చదువులు చదివినవారు గారు. తల్లి భుజములు నొచ్చుచుండగా జూచి, ఏది యవసరమో గ్రహించిరి.

నేను సభవారిని గోరునవి మూడు. పరిచయసభ దరఖాస్తులో ప్యాకేజి యను గడిని తీసివేయుడు. చేయు పనియేమో వ్రాయ మనుడు, చాలును. సొమ్ము గట్టిన కొలువు వచ్చునని చెప్పి, లేని అనుభవమునకు పత్రములు పుట్టించు శిక్షణాలయములకు విద్యార్థినిధి నుండి ఒక్క రూపాయియు నీయకుడు. అట్టి పత్రములు బయటపడి కొలువు పోయిన పిల్లలను నేనెరుగుదును, అప్పు మాత్రము తండ్రుల మీద నిలిచినది. కొలువు పోయినవారికి ఆరు నెలల వరకు వడ్డీలేని చేబదులు ఈయవలెను. వారి పేర్లు నివేదికలో నచ్చు వేయరాదు. దానికి మొదటి విరాళముగా 25 వేల రూపాయలు కోశాధికారిగారికి ఈ యుదయముననే యిచ్చితిని. తీర్మానపు ప్రతి అధ్యక్షులవారి బల్లపై నున్నది. మధ్యాహ్న భోజనము తరువాత చర్చకు వచ్చునని చెప్పినారు.