బంగాళాదుంపల పొలంలో పదిహేడు వేల ఇళ్లు

న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో మా పిన్ని కొడుకు ఉంటాడు. ఒకసారి వెళ్లినప్పుడు హిక్స్‌విల్‌లో మనవాళ్ల కొట్లో సరుకులు కొనుక్కుని వస్తూ పక్క ఊళ్లో కారు ఆపాడు. "అన్నయ్యా, లెవిట్‌టౌన్ అంటే ఇదే" అన్నాడు. చూస్తే మామూలు వీధులే. ఈ ఊరిని కట్టింది ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు.

తండ్రి ఏబ్రహాం లెవిట్, లాయరు. 1929లో కంపెనీ పెట్టారు. పెద్దకొడుకు విలియం అమ్మకాలు చూసేవాడు, చిన్నవాడు ఆల్‌ఫ్రెడ్ ప్లాన్లు గీసేవాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సైనికులు తిరిగొచ్చారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. ఉండడానికి ఇల్లు ఎక్కడుంది? అత్తారింట్లోనో, ఇరుకు గదుల్లోనో సర్దుకోవడమే. 1947లో లెవిట్‌లు బంగాళాదుంపల పొలాలు కొని పని మొదలుపెట్టారు.

కార్ల ఫ్యాక్టరీలో కారు కదులుతుంది, మనిషి నిలబడతాడు. ఇక్కడ ఇల్లు కదలదు కాబట్టి మనుషులే ఇంటి నుంచి ఇంటికి కదిలారు. పనిని 27 భాగాలు చేశారు. ఒకడు రోజంతా ఒకే రంగు వేస్తాడు, అంతే! నేలమాళిగ తీసేసి కాంక్రీటు పలక మీదే కట్టారు. దానికి స్థానిక నిబంధన మార్పించుకోవాల్సి వచ్చింది. మొదటి ఇళ్లు సుమారు 750 చదరపు అడుగులు. పై అటక మాత్రం ఖాళీగా వదిలేశారు, పిల్లలు పుడితే గది వేసుకోండని. నాకు బాగా నచ్చిన ఆలోచన అది. 1951కల్లా 17,447 ఇళ్లు లేచాయి. 1949లో ఒక ఇల్లు 7,990 డాలర్లు, మాజీ సైనికులకు చేతి నుంచి పైసా పెట్టక్కర్లేదు.

కానీ ఒప్పంద పత్రంలో ఒక షరతు ఉంది: తెల్లజాతి వాళ్లు తప్ప వేరెవరూ ఇందులో ఉండరాదని. లెవిట్‌లు యూదులు, వివక్ష అంటే తెలియని వాళ్లేం కాదు. అప్పులకు పూచీ ఇచ్చే ప్రభుత్వ సంస్థకీ ఇలాంటి షరతులే ఇష్టం. 1948లో సుప్రీంకోర్టు వీటిని కోర్టులు అమలు చేయకూడదంది. షరతు పోయింది, పద్ధతి పోలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌కి మైయర్స్ అనే నల్లజాతి దంపతులు వచ్చారు, అదీ కంపెనీ దగ్గర కాదు, పాత యజమాని దగ్గర కొనుక్కుని. గుంపులు చేరి రాళ్లు విసిరాయి. అదే యుద్ధంలో పోరాడిన నల్ల సైనికుడికి ఆ 7,990 డాలర్ల ఇల్లు దక్కలేదు. ఆ ఇళ్ల ధర తర్వాత లక్షల డాలర్లకి పోయింది. ఆ పెరుగుదల పిల్లల చదువులకీ వ్యాపారాలకీ పెట్టుబడి అయింది, కొన్న వాళ్లకే.

1968లో విలియం కంపెనీని అమ్మేశాడు. ఆ డబ్బూ నిలవలేదు.

"ఆ రోజుల్లో మనల్ని రానిచ్చేవాళ్లా?" అని తమ్ముడు అడిగాడు. భారతీయులు పౌరసత్వం ఇచ్చేంత తెల్లవాళ్లు కాదని సుప్రీంకోర్టు 1923లోనే భగత్ సింగ్ థిండ్ కేసులో తేల్చేసింది. ఇళ్లల్లో పనివాళ్లుగా అయితే ఉండొచ్చని ఆ షరతులోనే మినహాయింపు రాశారు. అదే చెప్పాను. వాడేం మాట్లాడకుండా కారు స్టార్ట్ చేశాడు.